కొన్న ధర ఒకటి, అసలు ఖర్చు మరొకటి

పత్తి అమ్మిన డబ్బు చేతికి రాగానే మన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు కొందరు యువకులు పాత ఆర్ఎక్స్ 100 బండి కోసం వెతుకుతున్నారు. ఆ శబ్దానికి మేమూ తల తిప్పి చూసినవాళ్లమే, కాదనం. కానీ దాని తయారీ 1996లోనే ఆగిపోయింది. పిస్టన్, క్రాంక్ అరిగితే అసలైన సామాను దొరకడం కష్టం. పదిహేనేళ్లు దాటిన బండి కాబట్టి ఆర్‌సీ కూడా ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి.

గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువు చెప్పాడు గదా (లూకా 14:28). రిపేరుకు పక్కన డబ్బు పెట్టలేనివాడు ఆ బండి కొనకూడదనే మేమంటాం. వానాకాలం విత్తనాల డబ్బు మెకానిక్ చేతికి పోతే ఇంట్లో అమ్మ ఎవరిని అడగాలి?

తమ్ముడా, బేరానికి తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకెళ్లు. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు ఆర్‌సీతో సరిచూడు. అడ్వాన్సు ఇచ్చేముందు అమ్మకు చెప్పు.