తనకు తెలియనిది నేర్పిన గురువు

విద్యార్థికంటె నాలుగు పాఠాలు ముందుండేవాడే ఉపాధ్యాయుడని లోకంలో ఒక నమ్మకం. శిష్యుడు తనను దాటిపోతున్నాడని తెలిసిననాడు గురువు ఏమి చేయాలి? 1968లో అమెరికాలోని సియాటిల్ నగరంలో, లేక్‌సైడ్ అనే ప్రైవేటు పాఠశాలలో, బిల్ డూగల్ అనే ఉపాధ్యాయునికి ఈ ప్రశ్న ఎదురయింది.

డూగల్ ఒకే బాట పట్టి నడిచిన మనిషి కాడు. రెండవ ప్రపంచయుద్ధకాలంలో ఆయన నౌకాదళ విమానచోదకుడు. విమాననిర్మాణ శాస్త్రంలో ఉన్నత విద్య అభ్యసించాడు. పారిస్‌లోని సోర్బాన్‌లో ఫ్రెంచి సాహిత్యమూ చదివాడు. లేక్‌సైడ్‌లో గణిత, విజ్ఞానశాస్త్ర శాఖలకు ఆయన అధిపతి. పుస్తకాల చదువుకు అనుభవం తోడు కావాలని ఆయన విశ్వాసం. కళాశాలలకు వెళ్ళబోయే పిల్లలకు కంప్యూటరుతో పరిచయం అవసరమని ఆయన ముందుగానే గ్రహించాడు.

ఆ రోజులలో కంప్యూటరు కొనడం సాధారణంగా పాఠశాలల తాహతుకు మించిన పని. అయితే దూరాన ఉన్న యంత్రాన్ని టెలిఫోను తీగ ద్వారా, అద్దె చెల్లించి వాడుకోవచ్చు. విద్యార్థుల తల్లుల సంఘం పాత వస్తువులు అమ్మి కూడబెట్టిన సొమ్ముతో ఆ ఏర్పాటు జరిగింది. సెకనుకు 10 అక్షరాలు ముద్రించే టెలిటైపు యంత్రం ఒకటి బడిలో వెలసి, పెద్దగా చప్పుడు చేయసాగింది. పిల్లలు నేర్చిన భాష బేసిక్. 1964లో డార్ట్‌మత్ కళాశాలలో పుట్టినది.

యంత్రమైతే వచ్చింది; పాఠం చెప్పేదెవరు? ఉపాధ్యాయులకు తెలిసినది స్వల్పం. చూస్తూండగానే కొందరు పిల్లలు వారిని మించిపోయారు. పైగా వాడిన కాలానికల్లా రుసుము. కేటాయించిన సొమ్ము త్వరత్వరగా కరిగిపోయింది. గదికి తాళం వేయడానికి ఇంతకంటె మంచి సాకు దొరకదు. అయినా తాళం పడలేదు. డూగల్, ఆ గది బాధ్యత వహించిన యువ గణితోపాధ్యాయుడు ఫ్రెడ్ రైట్, పిల్లలను వారి కుతూహలానికే విడిచిపెట్టారు.

ఆ పిల్లలలో పాల్ ఆలెన్, బిల్ గేట్స్, కెంట్ ఎవాన్స్ ఉన్నారు. కొన్నాళ్ళకు పాఠశాల తన తరగతుల కాలపట్టికను కంప్యూటరుపై తయారుచేసే పనిని విద్యార్థులకే అప్పగించింది. 1972లో కెంట్ పర్వతారోహణ ప్రమాదంలో మరణించాడు. మిత్రుని దుఃఖంలోనే గేట్స్, ఆలెన్ సాయంతో ఆ పని పూర్తిచేశాడు. 1975లో వారిద్దరూ మైక్రోసాఫ్ట్ స్థాపించినపుడు తొలి సరుకు ఆ బేసిక్ భాషయే. లేక్‌సైడ్ లేకుంటే మైక్రోసాఫ్ట్ ఉండేది కాదని 2005లో గేట్స్ ఆ పాఠశాలలోనే చెప్పాడు.

అది కలవారి బడి అన్న మాట మరువరాదు. 1971 వరకు అందులో ఆడపిల్లలకు చోటే లేదు. అటువంటి యంత్రం కంటపడని మేధావులు ఎందరో లెక్కించిన వారెవరు? కాని డబ్బు యంత్రాన్ని తేగలదే గాని, తలుపు తెరిచి ఉంచలేదు. అందుకు, తనకు తెలియదని ఒప్పుకోగల గురువు కావాలి.

పుత్రుని చేతిలోను, శిష్యుని చేతిలోను ఓటమిని కోరుకొమ్మన్నారు మన పెద్దలు. వారి మాట ఎరుగని డూగల్ ఆ ఓటమిని తానే ఆహ్వానించాడు.