పరీక్షనాళిక నుంచి పుండు దాకా దారి వేయండి

గౌరవనీయులైన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) డైరెక్టర్ జనరల్ గారికి,

నేను తెలంగాణలో ఒక ఆసుపత్రి మైక్రోబయాలజీ ల్యాబులో టెక్నీషియన్‌ని. పొద్దున్నే ఇంక్యుబేటర్ తెరిచి ముందురోజు పెట్టిన ప్లేట్లు చూడటంతో నా రోజు మొదలవుతుంది. మందు పనిచేస్తుంటే యాంటీబయాటిక్ బిళ్ల చుట్టూ గుండ్రటి ఖాళీ కనిపిస్తుంది. ఈ మధ్య ఒక షుగర్ రోగి కాలి పుండు నుంచి వచ్చిన క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియాకు ఆ ఖాళీ ఎక్కడా లేదు. మెరోపెనెమ్ బిళ్ల అంచుదాకా నాచులా పరుచుకుంది. రిపోర్టు నిండా ‘ఆర్’ అనే అక్షరమే రాశాను. మందుకు లొంగదని దానర్థం. ఆ కాగితం కోసం ఆయన కొడుకు బయట బల్ల మీద కూర్చుని ఉన్నాడు.

చివరికి డాక్టర్ల చేతిలో మిగిలింది కొలిస్టిన్. కిడ్నీలను దెబ్బతీస్తుందని తెలిసీ, వేరే దారి లేక ఇచ్చే మందు అది.

మందులకు లొంగని బ్యాక్టీరియా 2019లో మన దేశంలో నేరుగా దాదాపు 3 లక్షల ప్రాణాలు తీసిందని అంతర్జాతీయ అంచనా. ఈ ముప్పు పెరగడంలో మన పాత్ర కూడా ఉంది. పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధి చేసి వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో పరిశోధకులు ప్రకటించారు. ఆ మందు వాడే రోగి రక్తంలో కూడా అంత ఉండదు.

అయ్యా, కొలిస్టిన్ ఒక పెప్టైడ్, అంటే అమైనో ఆమ్లాల పొట్టి గొలుసు. ప్రకృతిలో ఇలాంటివి ఎన్నో ఉన్నాయి. ఆఫ్రికా కప్ప చర్మంలో మాగైనిన్లు అనే పెప్టైడ్లను మైకేల్ జాస్లాఫ్ 1987లో కనుగొన్నారు. మన ఒంట్లోనూ ఎల్ఎల్-37 అనే పెప్టైడ్ ఉంది. ధనావేశమున్న ఈ పొట్టి గొలుసులు రుణావేశమున్న బ్యాక్టీరియా పొరకు అతుక్కుని దానికి చిల్లులు పొడుస్తాయి. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో ఆర్. నాగరాజ్ గారు ఏళ్ల తరబడి శోధించింది వీటినే.

మరి మాగైనిన్ లాంటివి మందుల షాపుకు ఎందుకు రాలేదు? పుండులోని ఎంజైములు వీటిని ముక్కలు చేస్తాయి. మోతాదు పెంచితే ఎర్ర రక్తకణాలు పగిలే ప్రమాదం ఉంది. మాగైనిన్ నుంచి తయారైన పెక్సిగానాన్‌ను షుగర్ పుండ్లకు వాడేందుకు అమెరికా 1999లో అనుమతి నిరాకరించింది.

నానో పదార్థాలు అక్కరకొచ్చేది ఇక్కడే. బంగారు, వెండి లేదా కైటోసాన్ నానో కణానికి పెప్టైడ్‌ను అతికిస్తే ఎంజైములు దాన్ని అంత తేలిగ్గా కోయలేవు. ఒకే కణం మీద పదుల కొద్దీ పెప్టైడ్లు చేరితే దెబ్బ ఒకేచోట గట్టిగా పడుతుంది. పెప్టైడ్ చిల్లు పొడిస్తే వెండి అయాన్లు ఆ దారినే లోపలికి దూరతాయి. రెండు వైపులా దాడి జరిగితే తప్పించుకోవడం బ్యాక్టీరియాకు కష్టం.

కానీ ఈ ఫలితాల్లో చాలా భాగం పరీక్షనాళికలోని శుభ్రమైన ద్రవంలో వచ్చినవి. నిజమైన పుండులో చీము ఉంటుంది, రక్తం ఉంటుంది, బయోఫిల్మ్ అనే జిగురు పొర ఉంటుంది. ఆ పుండు దాకా దారి వేయమనే ఈ లేఖ. మూడు పనులు కోరుతున్నాను.

మొదటిది, 2013 నుంచి మీ నిఘా వ్యవస్థ ఆసుపత్రుల్లోని మొండి బ్యాక్టీరియాను గుర్తిస్తూ వస్తోంది. వాటి నుంచి ఒక ప్రామాణిక సముదాయాన్ని ఎంచి, ఇలాంటి మందులపై పనిచేసే ప్రతి ల్యాబుకూ ఇవ్వండి. సీరంలోనూ బయోఫిల్మ్ మీదా పరీక్షించడం తప్పనిసరి చేయండి. విఫలమైన ఫలితాలను కూడా బయటపెట్టించండి.

రెండవది, కాలిన గాయాలు, షుగర్ పుండ్లు, క్యాథెటర్ పూతలతో మొదలుపెట్టండి. పైపూతగా వాడే మందు రక్తంలోకి ఎక్కించే మందుకంటే తక్కువ ప్రమాదంతో రోగిని చేరుతుంది. మనుషుల మీద తొలిదశ పరీక్షలకు ప్రత్యేక నిధి కేటాయించండి.

మూడవది, జాగ్రత్త. కొలిస్టిన్‌ను తట్టుకునే ఎంసీఆర్-1 జన్యువు 2015లో చైనాలో బయటపడింది. వెండిని తట్టుకునే బ్యాక్టీరియా కూడా ఉంది. కొత్త మందుకు అనుమతి ఇచ్చేముందే నిరోధకత ఎంత త్వరగా పుడుతుందో, ఆ కణాలు ఒంట్లో, మురుగునీటిలో ఏమవుతాయో తేల్చండి. పటాన్‌చెరు తప్పు మళ్లీ జరగకూడదు.

రేపు పొద్దున కూడా నేను ఇంక్యుబేటర్ తెరుస్తాను. బయట బల్ల మీద ఎవరో ఒకరు కూర్చునే ఉంటారు. వాళ్ల చేతికి ‘ఆర్’ కాని అక్షరం ఒక్కటైనా ఉన్న కాగితం ఇచ్చే రోజు రావాలి. ఆ దారి వేయగల అధికారం మీకుంది. దయచేసి ఆలస్యం చేయకండి.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్