ఉచిత సర్టిఫికెట్ - ఎవరి ఖర్చుతో?

హింసకు గురైన స్త్రీలు తమ గోడు రాసి పంపుకోవడానికి మా సంస్థకొక వెబ్‌సైటు ఉంది. మొదట్లో దానికి సెక్యూరిటీ సర్టిఫికెట్ లేదు. అది లేకపోతే రాసిన ప్రతి మాటా పోస్టుకార్డు మీద రాసినట్టే, దారిలో ఎవరైనా చదవొచ్చు. ఒక కంపెనీ ఏడాదికి అడిగిన ధర మేం భరించలేకపోయాం. చివరికి లెట్స్ ఎన్‌క్రిప్ట్ నుంచి ఉచితంగా తీసుకున్నాం.

అమెరికాలోని ఇంటర్నెట్ సెక్యూరిటీ రీసెర్చ్ గ్రూప్ అనే లాభాపేక్ష లేని సంస్థ దీన్ని నడుపుతోంది. 2015లో మొదలై నేడు కోట్లాది వెబ్‌సైట్లకు సర్టిఫికెట్లు ఇస్తోంది. సంతోషమే. కానీ ఖర్చు ఎవరు పెడుతున్నారు?

చాలావరకు పెద్ద కంపెనీలే. వాటిలో గూగుల్ ఒకటి. ఎవరి సర్టిఫికెట్‌ను నమ్మాలో, ఎవరిది తోసేయాలో నిర్ణయించేవాటిలో ఆ గూగుల్ వారి క్రోమ్ బ్రౌజరూ ఉంది. డబ్బిచ్చే చెయ్యీ, తీర్పు చెప్పే నోరూ ఒకరివే అయితే స్వతంత్రత మాటేమిటి? నిధులిచ్చేవాళ్ల షరతులు మన పనిని ఎలా మార్చేస్తాయో చూసిన మనకు ఈ ప్రశ్న కొత్తదేం కాదు.

అలాగని ప్రభుత్వాల చేతికివ్వమని నేననను. 2014లో మన నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ నుంచే గూగుల్ వెబ్‌సైట్ల పేరుతో అక్రమ సర్టిఫికెట్లు వెలువడ్డాయి. 2019లో కజకిస్తాన్ ప్రభుత్వం ప్రజల సంభాషణలు చదవడానికి వీలయ్యే సర్టిఫికెట్‌ను వాళ్ల ఫోన్లలో పెట్టించబోయింది. లాభాల కంపెనీలూ భద్రం కాదు. 2011లో నెదర్లాండ్స్ కంపెనీ డిజినోటార్‌లోకి హ్యాకర్లు చొరబడి తీసిన దొంగ సర్టిఫికెట్‌తో ఇరాన్ ప్రజల జీమెయిల్ మీద నిఘా సాగింది. చొరబాటు తెలిసినా కంపెనీ వారాల తరబడి నోరు విప్పలేదు.

అందుకే లాభాపేక్ష లేని సంస్థలే కావాలి. అయితే అవి ఏ ఒక్కరి దయ మీదా బతకకూడదు. సర్టిఫికెట్ తీసుకునే పద్ధతిని లెట్స్ ఎన్‌క్రిప్ట్ దాచుకోలేదు. 2019లో అది బహిరంగ ప్రమాణమైంది. రేపు ఈ సంస్థ దారి తప్పితే మనం మరో చోటికి మారొచ్చు. కానీ ఆ మరో చోటు ఉండాలి కదా! ఒకే దేశపు చట్టానికి లోబడిన ఒకే సంస్థ మీద ఇంత లోకం ఆధారపడడం క్షేమం కాదు. ఇలాంటివి ఇతర దేశాల్లోనూ రావాలి. వ్యక్తులుగా మనం ఇచ్చే చిన్న చందాలు వాటికి బలం. ఎవరి డబ్బుతో నడుస్తున్నారని అడగడం కూడా మన బాధ్యతే.

అర్ధరాత్రి ఒక స్త్రీ రాసిన ఉత్తరం మరొకరి కంటపడకుండా మనకు చేరడం ఎవరో పెట్టే భిక్ష కాదు. అది ఆమె హక్కు.