నష్టం లెక్కకు ఏ భాష?

నిల్వ సరుకు ధర పడిపోయినప్పుడు వర్తకునికి చేయి ఆడదు. కొన్న ధరే కళ్ల ముందు కదులుతుంది. ‘నష్టానికి అమ్ముకోవడమా?’ అన్న మాట మిగిలిన లెక్కలన్నిటినీ మింగివేస్తుంది. ఆ మాటకు అంత బలం రావడంలో ఆలోచించే భాషకు కూడా పాత్ర ఉన్నదని పరిశోధనలు సూచిస్తున్నాయి.

చికాగో విశ్వవిద్యాలయానికి చెందిన బోయజ్ కీసార్, ఆయన సహచరులు 2012లో వెలువరించిన ఒక పరిశీలనలో, ఇంగ్లీషు మాతృభాషగా ఉండి స్పానిష్ నేర్చుకున్న విద్యార్థులకు తలా 15 డాలర్లు ఇచ్చారు. ఒక్కొక్క డాలరును అట్టే ఉంచుకోవచ్చు, లేదా నాణెం ఎగురవేసి పందెం కాయవచ్చు. గెలిస్తే డాలరుపై మరో ఒకటిన్నర డాలరు వస్తుంది; ఓడితే ఉన్న డాలరు పోతుంది. సగటున పందెమే లాభసాటి బేరం. అయినా ఇంగ్లీషులో ఆడినవారు 54 శాతం పందేలకే సిద్ధపడగా, స్పానిష్‌లో ఆడినవారు 71 శాతం పందేలు కాశారు. నేర్చుకున్న భాషలోని మాటకు తల్లిభాష మాటకున్నంత సెగ ఉండదు కనుక నష్టభయం తగ్గిందని పరిశోధకుల అభిప్రాయం.

వర్తకులకు ఈ విషయం దూరమైనది కాదు. గుంటూరు మిర్చి వ్యాపారి ఇంట తెలుగు, ఉత్తరాది కొనుగోలుదారుతో హిందీ మాట్లాడతాడు. ఎగుమతి కాగితాలు ఇంగ్లీషులో చూస్తాడు. సరుకు ఒకటే అయినా భాషను బట్టి తీర్పు మారే అవకాశం ఉన్నది.

అంతమాత్రాన పరభాష తెలివి తెచ్చిపెడుతుందని భావించరాదు. భయం తగ్గడం మేలు చేసేది లెక్క అనుకూలంగా ఉన్నప్పుడే. లెక్క లేని వాయిదా బేరంలో భయమే కొంత కాపుదల. పైగా, ఫలితం బాగుంటే నిర్ణయమూ మంచిదేనని తలచే పొరపాటును పరభాష తగ్గించలేదని 2018లో వివెస్, అపరీసి, కోస్తాల పరిశీలన తేల్చింది. ఒకసారి కలిసివచ్చిన గుడ్డి బేరం ఏ భాషలోనైనా మోసం చేస్తుంది.

కాబట్టి చేయవలసినది ప్రశ్నను మార్చడం. ఉదాహరణకు, క్వింటాలు 12,000 రూపాయలకు కొన్న సరుకు 11,000కు దిగితే, ‘వెయ్యి పోగొట్టుకోవాలా?’ అని కాక, ‘చేతిలో 11,000 నగదు ఉంటే ఈ సరుకును ఈ ధరకు ఈరోజు కొంటామా?’ అని అడగాలి. శీతల గిడ్డంగి అద్దె, వడ్డీ, తరుగు కలిపి ఆ జవాబు వ్రాసుకోవాలి. ఈ పద్దును ఇంగ్లీషులో వేసుకున్నా తప్పులేదు.

ఒప్పందం సంగతి వేరు. తేమ, నాణ్యత కోత, తూకం, డెలివరీ గడువు వంటి షరతులను సగం తెలిసిన భాషలో చదివి సంతకం చేయడం నిబ్బరం కాదు, ఏమరుపాటు. అక్కడ తల్లిభాషలో చదివించుకుని, అర్థమైన తరువాతనే కలం పట్టడం క్షేమం.