పదివేల సార్ల లెక్క జవళగేరలో చెల్లదు

పోయిన మార్గశిరంలో కోత మిషను మా మడిలో దిగిన రోజే నా ఫోను చార్జింగు ఎక్కడం మానేసింది. వైరు పెట్టి వేలితో కాస్త నొక్కి పట్టుకుంటే ఎక్కుతుంది, చెయ్యి తీస్తే ఆగిపోతుంది. మిషను డ్రైవరుకీ, ధాన్యం లారీకీ, మిల్లుకీ, కూలీల మేస్త్రికీ అందరికీ దిక్కు ఆ ఒక్క నంబరే. మర్నాడు పని మానుకుని పట్నం వెళ్లి ఒక సర్వీసు సెంటర్లో చూపించాను. టార్చి లైటు వేసి ఒక్క క్షణం చూశాడు. "పోర్టు పోయింది, బోర్డు మొత్తం మార్చాలి. వారంటీ రాదు, ఫిజికల్ డ్యామేజీ కింద లెక్క" అన్నాడు. ఫోను తిరిగి ఇస్తూ ఇంకో మాట కూడా అన్నాడు: "పల్లెటూళ్లలో మొరటుగా వాడతారు సార్, వైరు పట్టుకుని లాగేస్తారు."

తిరుగు దారిలో కర్ణాటకలోని మా జవళగేర రోడ్డు మీద రిపేరు చేసే కుర్రాడి దగ్గర ఆగాను. అతను ఫోను స్విచ్చాఫ్ చేసి, భూతద్దం కింద పెట్టి, సన్నటి ప్లాస్టిక్ పుల్లతో పోర్టు లోపలి నుంచి ఏదో మెల్లగా గీకి బయటికి తీశాడు. పెసరగింజంత కూడా లేదు. నొక్కి నొక్కి గట్టిపడిన ముద్ద. చొక్కా జేబు నూగు, నల్లరేగడి దుమ్ము, అందులో రెండు వరి పొట్టు ముక్కలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. బ్రష్షుని స్పిరిట్‌లో ముంచి లోపల తుడిచి, ఆరనిచ్చి వైరు పెట్టాడు. టక్కుమనే చప్పుడుతో కూర్చుంది. "పిన్ హోగిల్ల అణ్ణా, కస తుంబిదె" అని కన్నడంలో అన్నాడు. పిన్ను పోలేదన్నా, చెత్త నిండింది అని. ఇరవై రూపాయలు తీసుకున్నాడు.

ఆ ఇరవై రూపాయల పనికీ, పట్నంలో చెప్పిన వేల రూపాయల బోర్డుకీ మధ్య ఉన్న తేడా నన్ను ఈ వ్యాసం రాసేలా చేసింది. ఎందుకంటే సర్వీసు సెంటరు మనిషి చెప్పింది అతని ఒక్కడి అభిప్రాయం కాదు. ఫోన్ల షాపుల్లో, యూట్యూబు రివ్యూల్లో, చదువుకున్న మన పిల్లల నోట అందరూ అనేది అదే: టైప్-సి వచ్చాక చార్జింగు పిన్నుల గొడవ తీరిపోయింది, అది గట్టి పిన్ను, ఎటు పెట్టినా పడుతుంది, అయినా పాడైందంటే తప్పు వాడినవాడిదే. ఇందులో సగం నిజం. మిగతా సగం మాలాంటి ఊళ్లకి అన్యాయం చేసే మాట.

నిజమైన సగాన్ని మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. ఒకప్పుడు మా ఇంట్లో నాలుగు ఫోన్లకి నాలుగు రకాల చార్జర్లు ఉండేవి, ఒకటి పోతే పక్కింటికి పరిగెత్తాలి. 2014లో టైప్-సి ప్రమాణం వచ్చింది. 2023లో ఐఫోను కూడా తన లైట్నింగ్ పిన్ను వదిలి దీనిలోకి మారింది. 2024 డిసెంబరు 28 నుంచి యూరోపియన్ యూనియన్‌లో అమ్మే కొత్త ఫోన్లన్నింటికీ ఇది తప్పనిసరి అయింది. మన భారతీయ ప్రమాణాల సంస్థ కూడా దీనికి ప్రమాణం ప్రకటించింది. అర్ధరాత్రి కరెంటు వచ్చినప్పుడు చీకట్లో తడుముకుంటూ ఎటు పెట్టినా దూరుతుంది. సౌకర్యంలో దీనికి ఎదురు లేదు.

మన్నిక దగ్గరికొచ్చేసరికి మాత్రం లెక్క వేరు. టైప్-సి పదివేల సార్లు పెట్టి తీసినా తట్టుకునేలా ఉండాలని ప్రమాణం. వినడానికి ఘనంగానే ఉంటుంది. కానీ అందరూ తిట్టిపోసిన పాత మైక్రో యూఎస్‌బీకి కూడా అదే పదివేలు. కాగితం మీద రెండూ సమానమే. అసలు ఆ లెక్కే నిజమైతే రోజుకి మూడుసార్లు చార్జింగు పెట్టేవాడికి పోర్టు తొమ్మిదేళ్లు రావాలి. తొమ్మిదేళ్లు వచ్చిన పోర్టు జవళగేరలో ఎవరింట్లో ఉందో నాకు చూపించండి. పదివేలు అన్నది పెట్టి తీసే యంత్రం లెక్క. ఆ యంత్రానికి చొక్కా జేబు లేదు, వరి పొట్టు లేదు, వానాకాలపు ఉక్కపోత లేదు. పక్కకి వంచే బలానికీ, తేమకీ విడిగా పరీక్షలు ఉన్న మాట నిజం. కానీ అవన్నీ కలిసి ఒకే పోర్టు మీద రెండేళ్ల పాటు రోజూ పడితే ఏమవుతుందో ఆ పదివేల అంకె చెప్పదు. షాపువాడు మాత్రం ఆ అంకెనే చూపించి అమ్ముతాడు.

పిన్ను ఎక్కడ అరుగుతుందో తెలిస్తే మిగతాది అర్థమవుతుంది. ఏ కనెక్టరులోనైనా ఒకవైపు స్ప్రింగులాంటి రేకులు ఉంటాయి, ఇంకోవైపు గట్టి రేకులు ఉంటాయి. ముందు అరిగిపోయేవి స్ప్రింగులే. పాత మినీ యూఎస్‌బీ తర్వాత మైక్రో తయారు చేసినవాళ్లు ఒక మంచి పని చేశారు. పట్టుకునే కొక్కేలని వైరు వైపుకి మార్చారు. అరిగితే వంద రూపాయల వైరు అరగాలి, ఫోను కాదు అని. ఆ మైక్రోనే మనం నాసిరకం పిన్ను అని తిట్టాం. అది ఎక్కువగా విరిగింది చీకట్లో తలకిందులుగా కుక్కినప్పుడూ, చవక ఫోన్లలో బోర్డు మీద చాలీచాలని టంకంతో అతికించినప్పుడూ. టైప్-సి కూడా స్ప్రింగుల్ని వైరులోనే పెట్టింది. లైట్నింగ్ దీనికి తిరగబడి ఉంటుంది: స్ప్రింగులు ఫోన్లో, వైరు చివర గట్టి పలక. అందుకే దాన్ని వాడినవాళ్లు "అసలు విరగదు" అని ఇప్పటికీ వాదిస్తారు. విరగకపోవచ్చు, కానీ అరిగే భాగం ఖరీదైన ఫోనులోనే ఉంది. ఒకటి మాత్రం దాని పక్షాన చెప్పాలి: లోపల ఖాళీ గూడే కాబట్టి పుల్ల పెట్టి ఎవరైనా శుభ్రం చేసుకోగలిగేవారు.

టైప్-సిలో అలా కుదరదు. పోర్టు నడుమ ఒక నాలుక ఉంటుంది. ఒక మిల్లీమీటరు మందం కూడా లేని ఆ నాలుకకి పైన పన్నెండు, కింద పన్నెండు కాంటాక్టులు. దాని చుట్టూ ఉన్న సన్నటి సందులోకే వైరు దూరాలి. జేబులోంచి నూగు ఆ సందులో పడుతుంది. వైరు పెట్టిన ప్రతిసారీ దాన్ని మనమే లోపలికి దట్టిస్తాం. నెలలు గడిచేసరికి అడుగున అట్టలా పేరుకుంటుంది. వైరుని పట్టి ఉంచే కొక్కేలు నాలుక పక్కనున్న గాట్లలో పడాలంటే అది చివరిదాకా దిగాలి. అర మిల్లీమీటరు మిగిలిపోయినా కొక్కెం పడదు, వైరు ఊగుతుంది. దాన్నే మనం "పిన్ లూజు" అంటాం. గుండుసూది పెట్టి గీకితే నాలుక మీది రేకులు లేచిపోతాయి. ఫోను కొన్నప్పుడు ఈ సంగతి ఎవరైనా ఒక్కరైనా చెప్పారా?

జవళగేర చుట్టుపక్కల దుమ్ము గురించి తెలియనివాళ్లకి ఒక మాట. తుంగభద్ర ఎడమ కాలువ నీళ్లు ఈ నల్లరేగడికి వచ్చాక గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి మా తాతలు వచ్చి క్యాంపులు కట్టుకుని వరి వేశారు. సింధనూరు నుంచి రాయచూరు వెళ్లే దారి పొడవునా ఆ క్యాంపులే. కోతల కాలంలో మిషను వెనక లేచే పొట్టు మేఘంలా కమ్ముతుంది. కళ్లలో, చెవుల్లో, అన్నం గిన్నెలో అంతటా అదే. పోర్టు ఒక్కటీ దానికి మినహాయింపు ఎలా అవుతుంది? నాట్ల కాలంలో బురద, తడి చేతులు, చెమట. చెమటలో ఉప్పు ఉంటుంది. టైప్-సిలో కాంటాక్టుల మధ్య దూరం అర మిల్లీమీటరు. కరెంటు వచ్చే కాంటాక్టు పక్కనే చార్జరుతో మాట్లాడుకునే కాంటాక్టు ఉంటుంది. ఫాస్ట్ చార్జింగులో ఐదు వోల్టులు కాస్తా తొమ్మిదో, అంతకన్నా ఎక్కువో అవుతాయి. ఆ రెంటి మధ్య ఉప్పు తేమ చేరిందంటే పచ్చగా చిలుము పడుతుంది. ఫోను మీద రాసే నీటి రక్షణ గుర్తు ఫోను కడుపుకే గానీ, ఎప్పుడూ తెరిచి ఉండే ఆ రంధ్రానికి కాదు.

అందుకే "మొరటుగా వాడతారు" అన్న మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. నాట్లకి వచ్చే ఆడకూలీ ఉండే డేరాలో ప్లగ్గు ఒకటే ఉంటుంది, అదీ గుంజకి తలెత్తున కట్టి ఉంటుంది. కింద బల్ల ఉండదు. పది ఫోన్లు వంతులవారీగా వైరుకి వేలాడతాయి. వేలాడే ఫోను బరువంతా ఆ చిన్న నాలుక మీదే పడుతుంది. ఆమెకి కూలి డబ్బులు పడేది ఆ ఫోనులోనే, పిల్లలతో మాట్లాడేది ఆ ఫోనులోనే. దాన్ని ఆమె బంగారంలా కొంగులో చుట్టి దాచుకుంటుంది. అజాగ్రత్త అనే మాట ఆమెకి అంటదు. ఆమె బతికే చోటుని లెక్కలోకి తీసుకోకుండా వస్తువు తయారు చేసి, అది పాడైతే తప్పుని ఆమె చేతుల మీదికి తోయడం సరికాదు. బస్టాండులో యాభై రూపాయలకి కొన్న వైరు కూడా ఆమె తప్పు కాదు. ప్రమాణం ప్రకారం టైప్-సి వైరు తల వెడల్పు 8.25 మిల్లీమీటర్లు, రంధ్రం వెడల్పు 8.34. మిల్లీమీటరులో పదో వంతు కూడా లేని ఆ తేడాని నాసిరకం వైరు ఎక్కడ పాటిస్తుంది? కాస్త వదులైతే ఊగి ఊగి తింటుంది, కాస్త బిగుతైతే ఒరుసుకుంటుంది.

2003లో వచ్చిన నోకియా 1100 మా నాన్న దగ్గర ఉండేది. దుమ్ము చొరని కీప్యాడు, తల మీద టార్చి లైటు, గుండ్రటి పిన్ను. గుండ్రటిది కాబట్టి ఎటు తిప్పినా పడేది. టైప్-సి గొప్పగా చెప్పుకునే ఆ సుఖం మనకి అప్పుడే ఉంది. దుమ్ము చేరితే ఉఫ్ మని ఊదితే పోయేది. ఒకవేళ పిన్ను నిజంగానే పోతే బ్యాటరీ ఊడదీసి, రెండు ముళ్లున్న క్లిప్పు చార్జరుకి తగిలించేవాళ్లం. ఆ గుండ్రటి పిన్ను మళ్లీ కావాలని నేను అడగట్లేదు. దాంట్లో కరెంటు తప్ప ఇంకేమీ పోదు. కానీ ఒక దారి మూసుకుపోతే ఇంకో దారి ఉండేది. ఈ ఫోన్లలో ఆ రెండో దారిని మూసేసి, ఉన్న ఒక్క రంధ్రం గట్టిది అని నమ్మమంటున్నారు.

వైర్‌లెస్ చార్జింగు వస్తే ఇదంతా పోతుందనేవాళ్లూ ఉన్నారు. అది వచ్చే ఫోను ధరకి మా ఊళ్లో ఎకరా నాట్లు అయిపోతాయి.

మన్నికని నేను కొలిచే పద్ధతి వేరు: పోర్టు పోయిన రోజున దాన్ని మార్చడానికి ఎంత పడుతుంది? రెండు ఫోన్లలోనూ అదే టైప్-సి. ఒకదాంట్లో పోర్టు విడిగా చిన్న ముక్క మీద ఉంటుంది, రిపేరు వాళ్లు సీసీ బోర్డు అంటారు. స్క్రూలు విప్పి, పాతది తీసి కొత్తది పెడితే పావుగంట పని. ఇంకోదాంట్లో పోర్టుని అసలు మదర్‌బోర్డు మీదే అతికించేస్తారు. అప్పుడు వేడి గాలి కొట్టి టంకం కరిగించాలి. పక్కనున్న ఐసీలు కదిలితే ఫోను పోయినట్టే. బయటి నుంచి చూస్తే రెండు రంధ్రాలూ ఒకటే. పెట్టె మీద వాట్లు రాస్తారు, ఎన్ని నిమిషాల్లో ఎంత శాతం ఎక్కుతుందో రాస్తారు. ఇది మాత్రం రాయరు. రివ్యూలు చెప్పేవాళ్లూ అడగరు.

అడిగినచోట జరిగింది. 2025 జూన్ 20 నుంచి యూరోపియన్ యూనియన్‌లో కొత్త ఫోన్లకి ఒక నిబంధన ఉంది: ఆ మోడల్ అమ్మకాలు ఆగాక కూడా ఏడేళ్ల పాటు విడిభాగాలు రిపేరు చేసేవాళ్లకి దొరకాలి. ఆ జాబితాలో చార్జింగు పోర్టు ఉంది. నెదర్లాండ్స్‌కి చెందిన ఫెయిర్‌ఫోన్ పోర్టుని విడి ముక్కగా అమ్ముతుంది, ఇంట్లో స్క్రూడ్రైవరుతో మార్చుకోవచ్చు. మన దేశంలో కూడా వినియోగదారుల వ్యవహారాల శాఖ వేసిన సంఘం 2025 మేలో నివేదిక ఇచ్చింది. ఫోన్లకి రిపేరు సూచిక ఉండాలని, దాన్ని లెక్కగట్టేటప్పుడు చూడాల్సిన భాగాల్లో చార్జింగు పోర్టు కూడా ఉండాలని అందులో ఉంది. ఆ సూచిక అంకె ఫోను పెట్టె మీద, ధర పక్కనే, కన్నడంలోనూ తెలుగులోనూ అచ్చవ్వాలి. పదివేల సార్లు అని చెప్పేవాళ్లు "పోతే ఇంత" అని కూడా చెప్పాలి.

సంక్రాంతికి మా అమ్మాయికి ఫోను కొనడానికి సింధనూరు వెళ్లాం. షాపతను కెమెరా చూపించాడు, ఎనభై వాట్లు అన్నాడు. నేను "దీని సీసీ బోర్డు విడిగా ఉంటుందా? ఎంతవుతుంది?" అని అడిగాను. అతనికి తెలియలేదు. పక్కనున్న పెద్దాయనని అడిగాడు, ఆయనకీ తెలియలేదు. అక్కడే నిలబడి జవళగేర కుర్రాడికి ఫోను చేశాను. మోడల్ పేరు చెప్పగానే అటు నుంచి జవాబు వచ్చింది: "అదు బేడ అణ్ణా, బోర్డ్‌గే అంటిసిద్దారె. పక్కదు తగోళి." వద్దన్నా, అది బోర్డుకే అతికించేశారు, పక్కది తీసుకోమని. పక్కది ఎనభై వాట్లది కాదు, ముప్పై మూడు. అమ్మాయి మొహం కాస్త చిన్నబోయింది. అయినా అదే తీసుకున్నాం.