మాత్ర వేసుకున్నారా అని అడగండి

ముప్పై ఏళ్లు ఆర్టీసీలో కండక్టర్‌గా చేశాను. ఒక విజిల్‌కి బండి ఆగాలి, రెండు విజిళ్లకి కదలాలి. మా తమ్ముడి కాలేయంలో ముక్క తీసి నాకు పెట్టాక డాక్టరమ్మ ఇంటర్‌ల్యూకిన్ అంటే బుర్రకెక్కలేదు. ‘‘మీ విజిల్ లాంటిదేనండీ’’ అన్నాక ఎక్కింది.

పరాయి అవయవాన్ని పసిగట్టగానే ఒంట్లో టీ కణాలు ఇంటర్‌ల్యూకిన్-2 వదులుతాయి. అదే డబుల్ విజిల్. విన్న కణాలు ఒకటికి రెండు, రెండుకి నాలుగై కొత్త కాలేయం మీద పడతాయి. నేను పొద్దున ఎనిమిదికీ రాత్రి ఎనిమిదికీ వేసుకునే టాక్రోలిమస్ వాటిని చంపదు, విజిల్ ఊదనివ్వదు. ఆపరేషన్ నాడు ఇచ్చిన బాసిలిక్సిమాబ్ ఇంజెక్షన్ వేరు. విజిల్ మోగినా వినపడకుండా చెవిలో దూది కుక్కుతుందది. టాక్రోలిమస్‌ను 1984లో జపాన్‌లోని సుకుబా మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి తీశారు. 1989లో పిట్స్‌బర్గ్‌లో థామస్ స్టార్జల్ దాన్ని మొదటిసారి కాలేయం మార్చిన రోగులకు వాడారు.

ఇంటర్‌ల్యూకిన్లలోనే మరొకటి ఇంటర్‌ల్యూకిన్-6. మా తమ్ముడికి మిగిలిన కాలేయాన్ని ‘పెరుగు పెరుగు’ అని తొందరపెట్టిన సంకేతాల్లో అదొకటి. కాబట్టి విజిళ్లన్నీ చెడ్డవని కాదు. నా విజిల్‌నీ పూర్తిగా నొక్కేస్తే ప్రతి జలుబూ నిమోనియా అయి కూర్చుంటుంది. పైగా మందు ఎక్కువైతే కిడ్నీలు పోతాయి. తక్కువైతే కాలేయమే పోతుంది. అందుకే రక్తంలో మందు ఎంతుందో చూసే పరీక్ష. రాత్రి మాత్రకి పన్నెండు గంటలయ్యాక, పొద్దున మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వాలి.

నా కొంప ముంచబోయింది అక్కడే. మా ఊరి ల్యాబ్ కుర్రాడు ‘‘టిఫిన్ చేసి, మందులేసుకుని రండి బాబాయ్’’ అన్నాడు. నేనూ బుద్ధిలేక వేసుకునే వెళ్లాను. శాంపిల్ హైదరాబాద్ వెళ్లి రెండు రోజులకి 18 అని వచ్చింది, అప్పుడే వేసుకున్న మాత్ర కూడా కలిసి. ఎక్కువైందని డోసు సగం చేశారు. పదిహేను రోజులకి కళ్లు పచ్చబడ్డాయి, కాలేయం దెబ్బతింటే పెరిగే ఎస్‌జీపీటీ 210 దాటింది. మూడు రోజులు స్టెరాయిడ్ ఎక్కిస్తే గట్టెక్కాను.

కుర్రాడిని తిట్టి లాభం లేదు, వాడికెవరూ చెప్పలేదు. ఆపరేషన్‌కి లక్షలు పోగేయడం, అవయవదానం ప్రచారం చేయడం మంచిదే. కానీ ఆ తర్వాత బతికినన్నాళ్లూ చేయాల్సిన పరీక్ష సంగతి ఎవరికీ పట్టదు. ప్రతి జిల్లా ప్రభుత్వాసుపత్రిలో ఈ పరీక్ష పెట్టాలి. పరీక్ష చీటీ మీద ‘చివరి మాత్ర ఎన్నింటికి వేసుకున్నారు’ అన్న ఒక్క గడి అచ్చు వేయాలి. ఆ గడికి కోట్లేమీ అక్కర్లేదు.

అంతవరకు నా చీటీ మీద నేనే రాస్తున్నాను: ‘రాత్రి 8.05. పొద్దున మాత్ర జేబులో ఉంది.’ మొన్న అదే కుర్రాడు చూసి నవ్వాడు. ‘‘టికెట్ కొట్టినట్టు రాశారే బాబాయ్.’’