అడవికి ముందు హద్దురాళ్లు, తర్వాతే మొక్కలు

మొక్క నాటడం సులువు. గుంత తీసి, మొక్క పెట్టి, చెంబెడు నీళ్లు పోసి ఫొటో దిగితే పనైపోతుంది. అడవిని కాపాడడం అట్లా కాదు. దాని హద్దు తెలియాలె, హద్దు మీద మనిషి ఉండాలె, ఆ మనిషి వెనుక సర్కారు నిలబడాలె. సూరారం చుట్టుపక్కల పట్టణ అడవుల పేరుతో జరిగిన సంబురాలను ఈ మూడింటితోనే కొలవాలి.

సూరారం నుంచి నర్సాపూర్ రోడ్డు పట్టుకొని గండిమైసమ్మ, దుండిగల్ దాటితే ఔటర్ రింగ్ రోడ్డుకు చేరువలో ఖాజీపల్లి రిజర్వు ఫారెస్టు ఉంది. 1,650 ఎకరాలు. 2020 సెప్టెంబరులో సినీనటుడు ప్రభాస్ దీన్ని దత్తత తీసుకొని 2 కోట్ల రూపాయలు ప్రకటించారు. 2022 ఫిబ్రవరిలో చెంగిచెర్లలో 1,080 ఎకరాలకు నాగార్జున మరో 2 కోట్లు ఇచ్చారు. సొంత డబ్బు ఇచ్చిన వాళ్లను తప్పుపట్టే పని లేదు. మన పేచీ అంతా ఆ 'దత్తత' అన్న మాటతోనే. దిక్కులేని బిడ్డను కదా దత్తత ఇచ్చేది! ఈ అడవికి 1967 నాటి అటవీ చట్టం ఉంది, 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం ఉంది, జీతాలు తీసుకునే ఒక శాఖ ఉంది. పైగా అడవి చదువు చెప్పే ఫారెస్ట్ అకాడమీ, అటవీ జీవవైవిధ్య పరిశోధన సంస్థ రెండూ సూరారానికి కూతవేటు దూరంలో దూలపల్లిలోనే ఉన్నాయి.

లెక్క చూస్తే ఖాజీపల్లికి వచ్చిన సొమ్ము ఎకరాకు 12 వేల రూపాయల పైచిలుకు. అడవి గోడకు అవతలి పక్క ఎకరం కోట్లలో పలుకుతోంది. ప్రమాదమంతా ఈ తేడాలో ఉంది. శివారు అడవికి గొడ్డలి కంటే కాగితంతోనే ఎక్కువ భయం. ఒక పాత సర్వే నంబరు, ఒక నకలు, ఒక కోర్టు కేసు చాలు.

అనుమానం ఉన్నవాళ్లు కొంపల్లి కేసు చదవాలి. మన సూరారం పక్కనున్న కొంపల్లి కాదు, వరంగల్ జిల్లా కొంపల్లి. అక్కడ 106 ఎకరాల అటవీ భూమి తనదని ఒక ప్రైవేటు వ్యక్తి దశాబ్దాల పాటు కోర్టుల చుట్టూ తిరిగాడు. చివరికి అడవి తరఫున కొట్లాడవలసిన ప్రభుత్వమే అది ప్రైవేటు భూమి అని అఫిడవిట్ వేసింది! 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మందలించి, భూమి అడవిదేనని తేల్చి, ప్రభుత్వానికి, ఎదుటి పక్షానికి చెరి 5 లక్షల రూపాయల ఖర్చులు వేసింది. ఇది ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన తగాదానే. కానీ ఆ అఫిడవిట్ మన రాష్ట్రం వచ్చినంక వేసిందే. పరాయి పాలకుల మీద తోసెయ్యడానికి వీలు లేదు.

మొక్కల సంగతికొద్దాం. 2015లో మొదలైన హరితహారం లక్ష్యం 230 కోట్ల మొక్కలు, పచ్చదనాన్ని 24 నుంచి 33 శాతానికి పెంచడం. అందులో 100 కోట్లు అడవుల్లో పునరుజ్జీవం కింద వేసిన లెక్క. అంటే కొత్తగా నాటడం కాదు, నరికిన మోళ్లు, నేలలోని వేర్లు మళ్లీ చిగురించేలా కాపు కాయడం. నా దృష్టిలో ఆ పథకంలో అన్నిటికన్నా తెలివైన ముక్క అదే. పత్రికలో ఫొటో పడనిది కూడా అదే. మన నేలలో మోదుగ, తునికి, రేల, సీతాఫలం వేరు బతికే ఉంటుంది. పశువులను, నిప్పును, గొడ్డలిని నాలుగేండ్లు ఆపితే తనంతట తానే లేస్తుంది. దానికి కందకం కావాలె, ఎండకాలం ముందు నిప్పు గీతలు గీయాలె, కావలి మనిషి కావాలె. మనోళ్లు మాత్రం రోడ్ల వెంట కోనోకార్పస్ నాటారు, తర్వాత వద్దని వాళ్లే చెప్పారు.

పార్కులంటే కూడా కోపం లేదు. కండ్లకోయ ఆక్సిజన్ పార్కులో పొద్దున్నే నడిచే ఉద్యోగులు, పిల్లలను తీసుకొచ్చే తల్లులు రేపు అడవికి అండగా నిలిచే మనుషులే. జీడిమెట్ల పొగ పీల్చి బతికే సూరారం కార్మికుడికి అంత మాత్రం గాలి హక్కు కాదా? పటాన్‌చెరు, బొల్లారం కాలుష్యం మీద జనం 1990లోనే సుప్రీంకోర్టు దాకా పోవలసి వచ్చింది. ఫ్యాక్టరీలు మన దగ్గర, పొగ మన దగ్గర, అడవి కూడా మన దగ్గరే మిగలాలె కదా. అయితే గేటు దగ్గరి నాలుగెకరాలు ముస్తాబు చేసి, వెనుకనున్న వెయ్యి ఎకరాలను మరిచిపోతే అది తోట అవుతుంది, అడవి కాదు.

కంచ గచ్చిబౌలి సంగతి విద్యార్థులకు చెప్పనక్కర లేదు. 1969 పోరాటం, దాని వెంట వచ్చిన ఆరు సూత్రాల పథకం లేకపోతే 1974లో ఆ విశ్వవిద్యాలయమే లేదు. మన ఉద్యమం తెచ్చిన విశ్వవిద్యాలయం పక్కన 400 ఎకరాల్లోకి 2025 మార్చి చివర్లో బుల్డోజర్లు దిగాయి. అరెస్టులకు జంకకుండా పిల్లలు నిలబడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపేసరికే దాదాపు 100 ఎకరాల చెట్లు నేలకూలాయి. అంతకు ముందు 2024 అక్టోబరులో దామగుండంలో 2,900 ఎకరాల అటవీ భూమిలో నేవీ వీఎల్‌ఎఫ్ కేంద్రానికి శంకుస్థాపన అయింది. పాలించే పార్టీ మారింది గాని అడవిని ఖాళీ జాగ అనుకునే చూపు మారలేదు. పోడు చేసుకునే ఆదివాసీ మీదికి ట్రాక్టర్లు, పోలీసులతో పోయే యంత్రాంగం, పట్నం శివారులో కాగితాలు పట్టుకొచ్చే పెద్దమనిషికి కుర్చీ వేస్తుంది.

కాబట్టి మేడ్చల్, సంగారెడ్డి జిల్లాల్లోని ప్రతి అటవీ బ్లాకుకు అటవీ, రెవెన్యూ శాఖలు కలిసి సర్వే చేసి హద్దురాళ్లు పాతాలి. ఆ పటాన్ని తెలుగులో, సర్వే నంబర్లతో సహా, మండల ఆఫీసు గోడ మీద అతికించాలి. కోర్టుల్లో ఎన్ని అటవీ కేసులున్నాయో, ఏ కేసులో సర్కారు ఏమని అఫిడవిట్ వేసిందో బయటపెట్టాలి. ఖాళీగా ఉన్న బీట్ ఆఫీసర్ పోస్టులు నింపాలి. నీళ్లు, నిధులతో పాటు నియామకాలని నినదించిన మన నిరుద్యోగులకు ఇవి ఉద్యోగాలే, అడవికి ఇవే కంచె. సూరారం, బహదూర్‌పల్లి, దూలపల్లి యువజన సంఘాలు ఈసారి మొక్కల కోసం కాకుండా ఆ పటం నకలు కోసం సమాచార హక్కు దరఖాస్తు పట్టుకొని పోవాలి.